బెదురు కుక్కకు చేత్తోనే తిండి పెట్టాలా?

లంకవాసి: వరదకు లంకలో చిక్కుకున్న ఆడకుక్కను పడవవాళ్లు పి.గన్నవరం వైపు గట్టుకు చేర్చారు. పెంచుకునేవాళ్లు దొరికేదాకా మా ఇంట్లో ఉంచాం. మనిషి అలికిడైతే మంచం కిందికి దూరుతుంది. గిన్నె తీసేసి ప్రతి ముద్దా చేత్తోనే పెట్టాలని, ఆకలైతే అదే వస్తుందని మా ఆవిడ అంటుంది. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

కొబ్బరితోట: చెల్లెమ్మ చెప్పిందే సరైన మాట. గిన్నెలో పెడితే గిన్నెను నమ్ముతుంది, మిమ్మల్ని కాదు. మా తోటలో కుక్కలన్నీ చేతి ముద్దతోనే మచ్చికయ్యాయి.

రేవుగట్టు: అన్నయ్యా, మీ తోట కుక్కలు పిల్లలప్పటి నుంచి మనుషుల మధ్య తిరిగినవి. ఇది వేరు. బెదురు కుక్క చేతిలో ముక్క అందుకునేటప్పుడు దాని వెనక కాళ్లు చూడండి. మెడ ముందుకు సాగుతుంది, కాళ్లు మాత్రం పారిపోవడానికి సిద్ధంగా వెనకే ఉంటాయి. ముక్క నోట్లో ఉన్నంతసేపూ భయం మరుస్తుంది. మింగగానే తాను భయపడే మనిషికి అంత దగ్గరగా ఉన్నానని తెలిసి ఉలిక్కిపడుతుంది. చాలా కాట్లు పడేది అప్పుడే. ఆకలి దాన్ని దగ్గరికి లాక్కొచ్చింది, అంతే. అది నమ్మకం కాదు.

నేనైతే పక్కకు తిరిగి నేల మీద కూర్చుని, ఉడికించిన కోడి కార్జం చిన్న ముక్కలు దాని వెనక పడేలా విసురుతాను. వెనక్కి వెళ్లి, భయం లేని చోట తింటుంది. మళ్లీ ముందుకొస్తే అది దాని ఇష్టం. వచ్చింది కదా అని తల మీద చెయ్యి వేయకూడదు. మరో ముక్క వెనక్కే విసరాలి. (ఎండు మెత్తళ్లు మాత్రం వద్దు, ఒట్టి ఉప్పు.) పూటకు పెట్టే అన్నం ఎలాగూ గిన్నెలో, వేళకు పెట్టాల్సిందే. కడుపు మాడ్చి కొనుక్కునే స్నేహం నాకు నచ్చదు.

మరొకటి. తిండి లేకపోయినా ఊరికే పెదవులు నాకడం, ఆవలించడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, ఇవన్నీ "ఇక చాలు" అని చెప్పడమే. కదలకుండా బిగుసుకుపోతే బుద్ధిగా కూర్చుందని మురిసిపోకండి. అది భయం ముదిరిన స్థితి.

కొబ్బరితోట: బాగుంది తమ్ముడూ. మరి రేబీస్ టీకా మాటేమిటి? పశువుల డాక్టరు సూదిని దూరం నుంచి విసరలేడు కదా!

పశువైద్యశాల: టీకా వాయిదా వేయకూడదు. మూతికి చిక్కం కట్టి, దుప్పటి చుట్టి, ఒక్కసారి గట్టిగా పట్టుకుని వేయించేయండి. రోజూ ముక్కలు వేసే మనిషి కాకుండా ఇంకొకరు పట్టుకుంటే మేలు. ఎవరికైనా పన్ను గాటు పడితే పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంటి కుక్కే కదా అని ఊరుకోవద్దు.

యానాం అబ్బాయి: ఇంత అవస్థ ఎందుకు? నీళ్లు తీశాక లంకలోనే వదిలేయవచ్చుగా. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు కూడా ఆపరేషన్ చేసిన వీధి కుక్కను పట్టిన చోటే వదలమంటున్నాయి.

లంకవాసి: ఆ నియమం సబబే. కానీ దీనికి అన్నం పెట్టిన కుటుంబం లంక వదిలి గట్టు మీదికి వచ్చేసింది. అక్కడ దీని కోసం ఎదురుచూసేవాళ్లు లేరు.

రేవుగట్టు: అయితే దీపావళిలోపు వీధి తలుపుకు లోపల ఇంకో అడ్డు పెట్టించండి. మెడ పట్టీ ఇప్పటి నుంచే అలవాటు చేయండి. బెదురు కుక్క టపాసుల మోతకు ఒక్కసారి గేటు దాటిందంటే పిలిచినా రాదు.

కొబ్బరితోట: అడ్డు సంగతి ఒప్పుకుంటాను. చేతి ముద్ద సంగతి మాత్రం ఒప్పుకోను.

లంకవాసి: గిన్నె మంచం కిందే పెట్టమంటారా, బయటికి జరపమంటారా?

రేవుగట్టు: ముందు మంచం కిందే. ప్రశాంతంగా తింటుంటే మరుసటి పూట ఒక జానెడు ఇవతలికి. తినడం మానితే మళ్లీ లోపలికి. ఈ లెక్క మీ ఆవిడ చేతికే అప్పగించండి, మీకంటే ఆవిడకే తొందర ఎక్కువగా ఉన్నట్టుంది.