సొంత కారుతో ఇంగ్లిష్ ఛానెల్ దాటడం నిజంగా చౌకేనా?

బర్మింగ్‌హామ్ కొత్తకాపు:
అందరికీ నమస్కారం. మేము నలుగురం: నేను, నా భార్య, 8 ఏళ్ళ పాప, 4 ఏళ్ళ బాబు. అందరివీ భారతీయ పాస్‌పోర్టులే. వేసవి సెలవుల్లో ఒక వారం ఫ్రాన్స్‌లో కారులో తిరగాలని చాలాకాలంగా కోరిక. ఇంగ్లాండులోని డోవర్ నుంచి ఫ్రాన్స్‌లోని కాలేకు ఓడలో సొంత కారు తీసుకువెళితే డబ్బు మిగులుతుందని ఆఫీసులో ఒకరు అన్నారు. విమానంలో వెళ్ళి అక్కడ కారు అద్దెకు తీసుకోవడమే మేలని ఇంకొకరు అన్నారు. ఇద్దరూ గట్టిగానే చెప్పారు కానీ లెక్క ఎవరూ చూపించలేదు. మీ అనుభవంలో ఏది నిజం?

మిల్టన్ కీన్స్ అమ్మ:
మేము నాలుగుసార్లు ఓడలోనే వెళ్ళాం, ఐదోసారీ అలాగే వెళతాం. విమానంలో తలకొక టికెట్టు కొనాలి. ఓడలో ధర ప్రధానంగా కారుకే, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు ఉన్నంత మాత్రాన అది రెట్టింపు కాదు. ఫోక్‌స్టన్ నుంచి సొరంగంలో వెళ్ళే రైలుకూ అంతే. బడి సెలవులు మొదలయ్యే వారంలో నాలుగు విమాన టికెట్ల ధర ఒకసారి చూడండి. దాని పక్కన వారం మధ్యలో తెల్లవారుజామున బయలుదేరే ఓడ ధర రాసుకోండి.

ఇంకా ఎక్కువ మిగిలేది డిక్కీ వల్ల. రైస్ కుకర్, బియ్యం, కందిపొడి, పులిహోర పులుసు, పిల్లల సీట్లు, దుప్పట్లు అన్నీ మా వెంట వస్తాయి. ఫ్రాన్స్ పల్లెల్లో ‘జీత్’ అనే అద్దె ఇళ్ళు ఉంటాయి. వేసవిలో సాధారణంగా శనివారం నుంచి శనివారం వరకు, వారం లెక్కన ఇస్తారు. వంటగది ఉంటుంది కాబట్టి పొద్దున, రాత్రి ఇంట్లోనే తింటాం, మధ్యాహ్నం ఒక్కపూటే బయట.

ఒక్క హెచ్చరిక. నెయ్యి, పెరుగు, పనీర్, చికెన్ పచ్చడి పెట్టుకోకండి. బ్రిటన్ నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదన్న నియమం 2021 నుంచి ఉంది. కరివేపాకు కూడా వద్దు. అరటిపండ్లు, కొబ్బరికాయ తీసుకువెళ్ళవచ్చు. మా ఆవకాయ నాలుగుసార్లూ మాతోపాటే సముద్రం దాటింది.

రెడింగ్ లెక్కలు:
అమ్మగారు చెప్పినవి తప్పని అనను. కానీ మిల్టన్ కీన్స్ నుంచి డోవర్ సుమారు 210 కిలోమీటర్లు, బర్మింగ్‌హామ్ నుంచి సుమారు 330. అంటే ఫ్రాన్స్ నేల మీద చక్రం పెట్టకముందే, తిరిగి వచ్చాక కూడా, వీరు ఇంగ్లాండులోనే 660 కిలోమీటర్ల పెట్రోలు పోయాలి. డార్ట్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ దాటితే ఆ రుసుము వేరు, మర్నాడు అర్ధరాత్రిలోగా కట్టకపోతే జరిమానా. కాలేలో దిగి రేమ్స్ వైపు వెళ్ళే ఏ26 రహదారి ఎక్కితే టోల్. యూరప్‌లో కారు చెడిపోతే ఆదుకునే బీమాకు ఇంకొంత.

పైగా ఏడు రోజుల్లో రెండు రోజులు రహదారికే పోతాయి. ఆ రెండు రోజులకు విలువ లేదా? మేము ముగ్గురం. నాలుగు నెలల ముందే టికెట్లు కొని, చేతి సంచులతోనే విమానం ఎక్కి, బోర్డోలో చిన్న కారు అద్దెకు తీసుకున్నాం. దిగిన రోజు మధ్యాహ్నానికే సముద్రపు ఒడ్డున ఉన్నాం. బోర్డోకు సొంత కారుతో వెళ్ళి ఉంటే కాలే నుంచే 850 కిలోమీటర్లకు పైగా నడపాల్సి వచ్చేది.

మిల్టన్ కీన్స్ అమ్మ:
బోర్డోకు ఓడలో వెళ్ళమని నేను మాత్రం ఎందుకు చెబుతాను? పొదుపు కావాలంటే ఛానెల్‌కు దగ్గరగానే ఆగాలి. కాలే నుంచి బెల్జియంలోని బ్రూజ్ 120 కిలోమీటర్ల లోపే, దారిలో టోల్ లేదు. ఇటు బులోన్ వరకు ఏ16 మీద కూడా టోల్ లేదు.

ఇంకొక చోటు చెబుతాను. కాలే నుంచి సుమారు గంట ప్రయాణంలో నవ్-షాపెల్ అనే ఊరు ఉంది. 1915 మార్చిలో అక్కడ జరిగిన యుద్ధంలో భారత సైనికులు పోరాడారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సమాధి అయినా తెలియకుండా పోయిన 4,700 మందికి పైగా భారతీయ సైనికులు, శ్రామికుల కోసం 1927లో అక్కడ స్మారకం ఆవిష్కరించారు. మా అమ్మాయి ఆ గోడ మీది పేర్లు గట్టిగా చదువుతూ నడిచింది. విమానంలో పారిస్‌కు వెళ్ళేవాళ్ళలో ఆ పొలాల మధ్యకు వచ్చేవారు ఎంతమంది? ప్రవేశ రుసుము ఏమీ లేదు.

లీడ్స్ నుంచి:
నేను అద్దె కారు దెబ్బ తిన్నవాడిని కాబట్టి ఒక మాట. ప్రకటనలో చూపిన ధర రోజుకు చాలా తక్కువ. కౌంటరు దగ్గరకు వెళ్ళాక పిల్లల సీట్లకు, రెండో డ్రైవరుకు, అదనపు బీమాకు వేర్వేరుగా కలిపారు. అదనపు బీమా వద్దన్నందుకు క్రెడిట్ కార్డు మీద పెద్ద మొత్తం బ్లాక్ చేశారు. తిరిగి ఇచ్చేటప్పుడు బంపరు కింద గీత ఉందని అందులోంచి కోసుకున్నారు. మొదటి రోజు నేను బంపరు కింద ఫొటో తీయలేదు, అందువల్ల వాదించడానికి ఆధారం లేకపోయింది. రెడింగ్ వారి లెక్కలో ఈ వరస ఎక్కడా కనబడలేదు.

రెడింగ్ లెక్కలు:
మీకు జరిగింది అన్యాయమే. అదనపు బీమాను ప్రయాణానికి ముందే విడిగా కొనుక్కుంటే కౌంటరు కన్నా చాలా చౌక, నేను అలాగే చేశాను. డిపాజిట్ బ్లాక్ చేయడం మాత్రం తప్పలేదు.

కానీ సొంత కారు విషయంలో ఒకటి మరిచిపోతున్నారు. మన స్టీరింగు కుడివైపు, అక్కడ నడపాల్సింది రోడ్డుకు కుడివైపు. రెండు వరుసల పల్లె రోడ్డు మీద లారీ వెనక చిక్కుకుంటే ఎదురుగా ఏమి వస్తోందో డ్రైవరుకు కనబడదు.

పోర్ట్స్‌మత్ వైపు:
అందరూ డోవర్ చుట్టూనే తిరుగుతున్నారు. బర్మింగ్‌హామ్ నుంచి పోర్ట్స్‌మత్ సుమారు 230 కిలోమీటర్లే. అక్కడి నుంచి నార్మండీలోని కాన్‌కు వెళ్ళే ఓడ పగలు దాదాపు 6 గంటలు పడుతుంది, రాత్రి ఓడ కూడా ఉంది. దిగేది వీస్ట్రాం రేవులో, అంటే నార్మండీలో 1944 జూన్ 6న మిత్ర సేనలు దిగిన తీరంలోనే. నార్మండీయే చూడాలనుకుంటే కాలే నుంచి కాన్ వరకు 300 కిలోమీటర్లకు పైగా నడపడం తప్పుతుంది. టికెట్టు డోవర్ కన్నా ఖరీదే, క్యాబిన్ తీసుకుంటే మరీను. అయితే రాత్రి ఓడలో పడుకుంటే ఒక హోటలు గది ఖర్చు తగ్గుతుంది, డ్రైవరు నిద్ర తీరి దిగుతాడు. ఇంటి గుమ్మం నుంచి బస గుమ్మం వరకు కలిపి చూడండి, ఓడ టికెట్టు ఒక్కదాన్నీ కాదు.

ఏ13 మీద పారిస్ వైపు వెళితే జాగ్రత్త. అక్కడ టోల్ గేట్లు తీసేశారు. కెమెరా నంబరు చూసుకుంటుంది, 72 గంటల్లోగా ఇంటర్నెట్‌లో మనమే కట్టాలి.

హౌన్స్‌లో నుంచి:
కారా, విమానమా అని తేల్చే ముందు వీసా. 2024 జూన్ 11 నుంచి షెంగెన్ వీసా (ఫ్రాన్స్, బెల్జియం వంటి దేశాలన్నిటికీ కలిపి ఒకే వీసా) రుసుము పెద్దవారికి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళలోపు పిల్లలకు 45, 6 ఏళ్ళ లోపు వారికి లేదు. అంటే మీ కుటుంబానికి 225 యూరోలు, దరఖాస్తు కేంద్రం సేవా రుసుము అదనం. ఎలా వెళ్ళినా ఈ ఖర్చు ఒకటే. కాబట్టి ఒకే వారానికి ఇంత పెట్టి వీసా తీసుకుంటున్నప్పుడు రెండు దేశాలు చూడగలిగే దారి ఎంచుకోండి.

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. వేసవికి అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం. వీసా చేతికి రాకముందే రద్దు చేసుకోలేని టికెట్టు కొనకండి. ఫ్రెంచి అధికారులు డోవర్ రేవులోనే, ఓడ ఎక్కకముందే పాస్‌పోర్టులు చూస్తారు. తేడా ఉంటే అక్కడి నుంచే వెనక్కి. తిరిగి వచ్చేందుకు మీ బ్రిటన్ ఈ-వీసా ఖాతాలో ఇప్పటి పాస్‌పోర్టు నంబరే ఉందో లేదో కూడా చూసుకోండి.

బర్మింగ్‌హామ్ కొత్తకాపు:
నిన్న రాత్రి మేమిద్దరం కూర్చుని మూడు దారులకూ లెక్క వేశాం. మా తేదీలకు విమానం, అద్దె కారు కలిపితే అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది. పోర్ట్స్‌మత్ రాత్రి ఓడ క్యాబిన్‌తో కలిపి మధ్యలో నిలిచింది. డోవర్ ఓడ, బులోన్ దగ్గర జీత్, ఒక రోజు బ్రూజ్, ఒక రోజు నవ్-షాపెల్ తక్కువలో తేలింది. పెట్రోలు, డార్ట్‌ఫర్డ్, చెడిపోతే ఆదుకునే బీమా అన్నీ కలిపే చూశాను. ముందు వీసాకు దరఖాస్తు చేస్తాం. కారులో ఏమేమి ఉండాలో చెప్పగలరా?

రెడింగ్ లెక్కలు:
మీ నలుగురికీ, ఆ తేదీలకూ అదే సరైనది, ఒప్పుకుంటున్నాను. ఇద్దరే అయితే, లేదా దక్షిణ ఫ్రాన్స్ అయితే నా మాట మారదు. కారు బీమా వారికి తప్పక ఫోన్ చేయండి. చాలా పాలసీల్లో పూర్తి రక్షణ ఛానెల్ దాటగానే కనీస స్థాయికి తగ్గిపోతుంది.

మిల్టన్ కీన్స్ అమ్మ:
కారు వీ5సీ (రిజిస్ట్రేషన్) పత్రం అసలుది, లైసెన్సు, బీమా కాగితం. వెనక ‘యూకే’ స్టిక్కరు, పాత ‘జీబీ’ చెల్లదు. ఎదుటివారి కళ్ళలో వెలుగు పడకుండా హెడ్‌లైట్లకు అంటించే స్టిక్కర్లు. హెచ్చరిక త్రికోణం. మెరిసే కోట్లు నలుగురికీ కొనండి, వాటిని డిక్కీలో సామాను కింద పడేయకుండా సీటు దగ్గరే పెట్టండి, ఎందుకంటే దారిలో కారు చెడిపోతే దిగకముందే వేసుకోవాలి. ఫ్రాన్స్‌లో 10 ఏళ్ళ లోపు పిల్లలు ముందు సీట్లో కూర్చోకూడదు, పాపకు ఇంట్లోనే చెప్పి ఉంచండి. ఓడ కదిలాక కార్ల అంతస్తుకు తాళం వేస్తారు. పిల్లల స్వెటర్లు, పులిహోర డబ్బా ముందే చేతిలో పట్టుకుని పైకి వెళ్ళండి.