‘శాస్త్రముల్ సూచె’నా, ‘చూచె’నా?

తిరుపతి టీచర్: టీకాల మీద పిల్లలకి వ్యాసం రాస్తున్నా. వైరస్ పైపొర మీద వేరే రోగపు ప్రోటీన్ ముక్క నిలిపితే, మన రక్షణ కణాలు దాన్ని పట్టుకుని యాంటీబాడీలు చేస్తాయి కదా. ఏ బడికీ పోకుండా గుర్తుపడతాయని పైన ధూర్జటిని పెట్టాలని ఉంది. ‘ఏ వేదంబు పఠించె లూత (సాలీడు), భుజగంబే శాస్త్రముల్’ తర్వాత సూచెనా, చూచెనా? వైరస్ మీద ముక్క నిలిపే పనిని ‘వేషం కట్టించడం’ అనొచ్చా?

పుత్తూరు పంతులు: సూచె. గసడదవాదేశం, అంటే క చ ట త పలు గ స డ ద వలుగా మారడం. అనుమానమెందుకు?

చిత్తూరు చిన్నోడు: గసడదవలు ప్రథమ మీద కదా మాస్టారూ? ‘శాస్త్రముల్’ ఇక్కడ కర్మ.

పుత్తూరు పంతులు: జడానికి ద్వితీయ బదులు ప్రథమ వస్తుంది నాయనా. బాలవ్యాకరణం తిరగెయ్యి.

చిత్తూరు చిన్నోడు: అది చిన్నయసూరిది, 1858 నాటిది. ఏ సూరిని పఠించె ధూర్జటి? యతి ‘బే’ దగ్గరే తీరిపోయింది, సూ అయినా చూ అయినా గణాలకి పట్టింపు లేదు. మా నాయనమ్మ ‘చూచె’ అనే చదివేది.

కాళహస్తి కోడలు: నాకు ‘వేషం’ నప్పలేదు. అది మనిషిని దాచడానికి. 1985లో జార్జ్ స్మిత్ ఫేజ్ (బ్యాక్టీరియాకి సోకే వైరస్) జన్యువులో వేరే డీఎన్‌ఏ ముక్క చేర్చింది ఆ ప్రోటీన్ బయటికి కనబడాలని. 2018 నోబెల్‌లో వాటా దానికే. ‘ప్రదర్శన’ అనండి.

తిరుపతి టీచర్: గంగజాతర చూసి కూడా అట్లంటారా అక్కా! గంగమ్మ దొరవేషం కట్టిందే దాక్కున్న పాలెగాడు చూసి బయటికి రావాలని.

కాళహస్తి కోడలు: వచ్చినోడి తల తీసింది. టీకాలో ముక్కని చూసిన బీ కణం (యాంటీబాడీలు చేసే రక్షణ కణం) చావదు, పిల్లలు పెడుతుంది. కుదరలేదు తమ్ముడూ.

చిత్తూరు చిన్నోడు: దొర ఒక్కడే కూడా కాదు. ఎం13 ఫేజ్ ఒంటినిండా ఒకే ప్రోటీన్ సుమారు 2,700 ప్రతులు. ఒకే ముక్క అట్లా ఒత్తుగా కనబడితే బీ కణానికి ఊపు ఎక్కువ.

పుత్తూరు పంతులు: మలేరియా టీకా ఆర్‌టీఎస్,ఎస్‌లో అసలు వైరస్సే లేదు. హెపటైటిస్-బి పైపొర ప్రోటీన్ కణాల మీద మలేరియా పరాన్నజీవి ముక్క, అంతే. వేషగాడే లేని వేషం! దీనికి లూత పద్యమెందుకు, ‘రాజుల్ మత్తులు’ చదువుకోండి, ధూర్జటి అంటే అదీ.

చిత్తూరు చిన్నోడు: అందులో ‘చతురంతయానం’ నాలుగు గుర్రాల బండేనా?

పుత్తూరు పంతులు: పల్లకీ.

కాళహస్తి కోడలు: నిఘంటువు పేరు చెప్పండి మాస్టారూ, ఊరికే ఒప్పుకోం.