సిగ్నళ్ల లెక్క ఎవరి వేగానికి కట్టాలి: కారుకా, సైకిల్‌కా?

పెడల్‌పంతులు:
ఒకే రోడ్డు మీది సిగ్నళ్లు వరసగా పచ్చబడేలా కలిపి నడపడాన్ని గ్రీన్ వేవ్ అంటారు. ఆ లెక్క దాదాపు ఎప్పుడూ కారు వేగానికే కడతారు. కూడళ్ల మధ్య 300 మీటర్లు, వేవ్ గంటకు 40 కిలోమీటర్లు, మొత్తం ఆవృత్తి (ఒకసారి పచ్చ పడ్డాక మళ్లీ పచ్చ పడేదాకా పట్టే సమయం) 90 సెకన్లు, అందులో పచ్చ 40 అనుకుందాం. గంటకు 20 కిలోమీటర్లతో తొక్కేవాడు మొదటి కూడలిలో పచ్చ పడగానే బయలుదేరితే రెండోది ఎలాగో దాటతాడు. మూడోది చేరేసరికి దీపం మారి 14 సెకన్లవుతుంది, ఇంకో 36 సెకన్లు నిలబడాలి. తప్పు చేయకుండానే శిక్ష!

కోపెన్‌హాగెన్‌లోని నోరెబ్రోగేడ్ వీధిలో వేవ్‌ను 20 కిలోమీటర్లకే కట్టారు, ఉదయం నగరంలోకి, సాయంత్రం బయటికి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని వలెన్సియా వీధిలో 2009లో మొదలుపెట్టిన వేవ్ గంటకు 13 మైళ్లది, అంటే సుమారు 21 కిలోమీటర్లు. మిగతా నగరాలకు అభ్యంతరం ఏమిటో చెప్పండి.

నిలువుగీత:
అభ్యంతరం బస్సు. అందులో యాభైమంది ఉంటారు, సైకిల్ మీద ఒకరు. యాభైమందిని సైకిల్ వేగానికి దించడం ఏ న్యాయం? పైగా ఆ 20 ఎవరి వేగం? ఎదురుగాలిలోనో, వెనక పిల్లను కూర్చోబెట్టుకునో 12తో తొక్కే వాళ్లకు మీ వేవ్ కూడా అందదు. కారు వేగం తీసేసి చురుకైన కుర్రవాళ్ల వేగం పెట్టారంతే.

సెకన్లలెక్క:
బస్సు వాదన వినడానికి బాగుంది, లెక్కకు నిలవదు. 40 వేగంతో 300 మీటర్లకు 27 సెకన్లు. మధ్యలో ఒక స్టాపులో 20 సెకన్లు ఆగితే 47. సైకిల్‌కు 54. స్టాపులు దగ్గరదగ్గరగా ఉన్న రోడ్డు మీద బస్సు కారు వేవ్‌ను ఎప్పుడో వదులుకుంది, సైకిల్ వేవ్‌కే దగ్గర. స్టాపులు దూరమైతే మీ మాట నిజం.

అసలు చిక్కు మీరిద్దరూ ఎత్తనిది: ఎదురు దిశ. రెండు వైపులా వేవ్ నడవాలంటే కూడళ్ల మధ్య ప్రయాణ సమయం సగం ఆవృత్తికి సరిపోవాలి. ఆవృత్తి 90 అయితే సగం 45, అంటే 300 మీటర్లకు వేగం 24 కావాలి. ఆవృత్తిని 108కి పెంచితే 20 చాలు, కానీ అడ్డంగా దాటే పాదచారులు అంత ఎక్కువసేపు నిలబడాలి. కోపెన్‌హాగెన్ పూటకొక దిశ ఎంచుకోవడం ఇందుకే.

వెనకచక్రం:
మీరంతా పరుగు గురించి మాట్లాడుతున్నారు, నా బాధ బయలుదేరడం గురించి. రాత్రి ఖాళీ కూడలిలో సైకిల్ నిలిపితే సిగ్నల్‌కు నేను ఉన్నట్టే తెలియదు. వాహనం వచ్చినట్టు సిగ్నల్‌కు చెప్పే, రోడ్డు కింది తీగచుట్ట బరువును కాదు, లోహాన్ని గుర్తిస్తుంది. చుట్ట నడిమధ్య నిలబడితే సైకిల్ తప్పిపోవచ్చు, అంచు తీగ మీద చక్రం పెడితే అల్యూమినియం రిమ్ము కూడా చాలు. ఆ చోటు చూపించే గీత ఒక్కటి వేయడానికి ఎవరి వేగమూ తగ్గించనక్కర్లేదు.

పచ్చ పడినా అది కారుకు సరిపడా పచ్చే. కాలిఫోర్నియాలో కనీస పచ్చ, పసుపు, అన్ని వైపులా ఎరుపు కలిపి ఎంత ఉండాలో సైకిల్‌ను బట్టి సూత్రం పెట్టారు: బయలుదేరడానికి 6 సెకన్లు, దానికి తోడు కూడలి వెడల్పుకు 6 అడుగులు కలిపి, సెకనుకు 14.7 అడుగుల చొప్పున దాటే సమయం. 100 అడుగుల కూడలికి 13 సెకన్లు దాటుతుంది. 9తో సరిపెట్టిన చోట నడిరోడ్డు మీద చిక్కుకునేది ఎవరు?

పచ్చదీపం:
ఇంత గొడవ ఎందుకు? అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో 1982 నుంచి స్టాప్ బోర్డు దగ్గర సైకిల్ ఆగనక్కర్లేదు, ఎదుటివారికి దారిచ్చి పోవచ్చు. ఎర్ర దీపం దగ్గరా అలాగే వదిలేయండి.

నిలువుగీత:
చూపులేనివారు శబ్దాన్ని నమ్ముకుని దాటుతారు. మీ సైకిల్‌కు శబ్దం ఉండదు. పారిస్‌లో కూడా బోర్డు పెట్టిన కూడళ్లలోనే, బోర్డు చూపిన వైపుకే, పాదచారులకు దారి ఇచ్చాకే ఎరుపు దాటనిస్తారు. దాన్ని చూపించి ఎక్కడపడితే అక్కడ దూసుకుపోతామంటే ఒప్పుకోను. వెనకచక్రం గారు అడిగిన సెకన్లకు మాత్రం నా అడ్డు లేదు, సైకిల్ వచ్చినప్పుడే ఇస్తే.

వెనకచక్రం:
వచ్చినట్టు సిగ్నల్‌కు తెలిస్తే కదా ఇచ్చేది! అందుకే ముందు గీత అడిగాను.

పెడల్‌పంతులు:
గీతలు వేయండి, సెకన్లు కలపండి, కాదనను. కానీ అవి ఒక్క కూడలి మరమ్మతులు. పది కూడళ్లు దాటి పనికి పోయేవాడిని మూడోదాని దగ్గర ఆపుతున్నది ఆ 40 అంకె. నిలువుగీత గారు 12 వేగం అన్నారు కాబట్టి అడుగుతున్నాను: పచ్చ నిడివి పెంచి వేవ్‌ను 16కి దించితే మీ అభ్యంతరం పోతుందా, లేక ఇంకో బస్సు వస్తుందా?