డబ్బుకు ఇబ్బందిగా ఉన్నప్పుడు నాలుగు రివాల్వర్లలో ఏది అమ్ముకోవాలి?

ప్రశ్న

నా దగ్గర లైసెన్సు మీద నాలుగు రివాల్వర్లు ఉన్నాయి. ఆరు నెలలుగా రాబడి సగానికి పడిపోవడంతో అప్పు వాయిదాలు మూడు బకాయి పడ్డాయి, నాలుగోది వచ్చే నెలలో కట్టాలి. కాబట్టి అమ్మాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు, ఏది అమ్మాలన్నదే తేలడం లేదు.

మొదటిది మా నాన్నగారి స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10. తోలు ఒరలో ఏళ్ల తరబడి పెట్టి తీయడం వల్ల బ్యారెల్ చివర నీలి పూత పోయి తెల్లని ఉక్కు బయటపడింది. రెండోది అదే సంస్థ చేసిన మోడల్ 19-3, నాలుగు అంగుళాల బ్యారెల్, నా మొదటి సంపాదనతో కొన్నది. మూడోది రూగర్ జీపీ100, స్టెయిన్‌లెస్ ఉక్కుది, వారం వారం సాధనకు తీసుకెళ్లేది ఇదే. నాలుగోది 1970ల నాటి కోల్ట్ పైథాన్, ఆరు అంగుళాల బ్యారెల్, అసలు పెట్టెతో సహా ఉంది. దాన్ని ఏడాదికి ఒకసారి కూడా పేల్చను.

విచారిస్తే తెలిసిందేమిటంటే, పైథాన్ ఒక్కటి అమ్మితే బకాయిలన్నీ తీరి కొంత మిగులుతుంది. జీపీ100, మోడల్ 19 రెండూ కలిపి అమ్మితే బొటాబొటిగా సరిపోతుంది. మోడల్ 10కి వచ్చేది ఒక వాయిదాకు కూడా చాలదు, అయినా ఇంట్లో పెద్దవాళ్లు “పాతదాన్ని వదిలించుకో” అంటున్నారు. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం

జీపీ100, మోడల్ 19 రెండూ అమ్మండి, పైథాన్‌ను ముట్టుకోకండి. మళ్లీ దొరికే వస్తువును ముందు వదులుకోవాలి, దొరకనిదాన్ని ఆఖరున వదులుకోవాలి అన్నది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి. జీపీ100ను రూగర్ 1980ల నడుమ నుంచి చేస్తూనే ఉంది. పరిస్థితి కుదుటపడిన రోజున సరిగ్గా అలాంటిదే, బహుశా ఇంకా కొత్తది, మీ చేతికి వస్తుంది. మోడల్ 19 పేరును కూడా స్మిత్ అండ్ వెసన్ 2018లో తిరిగి తెచ్చింది. పాతదానికీ దానికీ తేడాలున్న మాట నిజమే కానీ, చేసే పని ఒక్కటే.

పైథాన్ సంగతి అలాంటిది కాదు. 1955లో మొదలైనప్పటి నుంచి కోల్ట్ దానికి చేతిపనితో మెరుగు పెట్టి, లోపలి భాగాలను ఒక్కొక్కటిగా అమర్చి తయారుచేసింది. 2020లో అదే పేరుతో వచ్చినది మంచి రివాల్వరే, కానీ లోపలి యంత్రాంగం మార్చి, విడిభాగాలు తగ్గించి చేసినది. నేను పదిహేనేళ్ల కిందట ఇలాంటి ఇరకాటంలోనే కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్ ఒకటి అమ్ముకున్నాను. ఆ అప్పు ఎప్పుడో తీరిపోయింది కానీ, అంత నున్నగా ట్రిగ్గర్ కదిలే రివాల్వర్ మాత్రం నాకు మళ్లీ దొరకలేదు.

రెండో సమాధానం

పై మిత్రుల బాధ అర్థమైంది, కానీ వారి వాదనతో నేను ఏకీభవించలేను. “మళ్లీ కొనుక్కోవచ్చు” అన్న మాట చేతిలో డబ్బు ఆడేవారికి నిజం. మూడు వాయిదాలు బకాయి ఉన్న మనిషికి మళ్లీ కొనే రోజు ఎంత దూరంలో ఉందో ఎవరూ చెప్పలేరు. ఆ రోజు వచ్చాక కూడా అనుమతుల కాగితాలన్నీ మొదటి నుంచి నడిపించాలి. ఈ లోగా ఆయన దగ్గర మిగిలేవి ఏమిటి? పేల్చడానికి మనసొప్పని పైథాన్ ఒకటి, నాన్నగారి గుర్తుగా దాచుకున్న మోడల్ 10 ఒకటి. వారం వారం చేతికి పని చెప్పేవి రెండూ పోతాయి. సాధన ఆగిపోయిన చేతికి పెట్టెలో పైథాన్ ఉండి ఏం లాభం?

ఇంకొక సంగతి కూడా ఆలోచించాలి. పాత పైథాన్‌లో ట్రిగ్గర్ పూర్తిగా నొక్కినప్పుడు, సిలిండర్‌ను తిప్పే హ్యాండ్ అనే చిన్న మీట దాన్ని అప్పటికీ నెట్టిపట్టే ఉంచుతుంది. గుండు బయలుదేరే క్షణంలో సిలిండర్ రవ్వంత కూడా కదలకపోవడానికి కారణం అదే, ఆ మీట త్వరగా అరగడానికి కారణమూ అదే. అరిగితే సరిచేయగల పనివారు ఏటేటా తగ్గుతున్నారు. జీపీ100కి ఆ బెడద లేదు. పక్క పలక లేని గట్టి ఫ్రేమ్, చుట్ట స్ప్రింగులు, ముందూ వెనకా రెండు చోట్లా బిగుసుకునే సిలిండర్ ఉన్న ఆ రివాల్వర్ మీ మనవల కాలానికీ పనికొస్తుంది.

అమ్మే ముందు పైథాన్‌ను ఒకసారి పరీక్షించండి. సిలిండర్ బయటికి తీసి తూటాలు పట్టే ఆరు గదులూ (చాంబర్లూ) ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్నాక మూయండి. ఒక వేలితో సిలిండర్‌ను తేలికగా అదిమిపట్టి, వెనక వైపు సుత్తిలా ఉండే హామర్‌ను వీలైనంత నెమ్మదిగా వెనక్కి లాగండి. హామర్ పూర్తిగా నిలబడే లోపే కింది నుంచి గొళ్లెం సిలిండర్ గాడిలో “టక్” మని పడాలి. ఆరు చాంబర్లకూ ఆరుసార్లు చూడండి. హామర్ నిలిచిన తర్వాత కూడా గొళ్లెం పడకపోతే టైమింగ్, అంటే హామర్‌కూ సిలిండర్‌కూ ఉండాల్సిన పొందిక, వెనకబడిందని అర్థం.

మూడో సమాధానం

మోడల్ 19 గురించి ఎవరూ వివరంగా మాట్లాడలేదు కాబట్టి చెబుతున్నాను. ఇది 357 మాగ్నమ్ అనే బలమైన తూటాకు చేసినది. ఈ తరహా మధ్యస్థ ఫ్రేమ్‌లో సిలిండర్‌ను మోస్తూ బయటికి వాలే చేతికి (క్రేన్‌కు) చోటివ్వడానికి, బ్యారెల్ వెనక అంచున ఉండే ఫోర్సింగ్ కోన్ అడుగు భాగాన్ని కొంచెం చదునుగా కోశారు. అక్కడ లోహం పలచగా ఉండటంతో, 125 గ్రెయిన్ల (సుమారు 8 గ్రాముల) తేలిక గుండుతో వేడిమి ఎక్కువగా ఉండే మాగ్నమ్ తూటాలను విస్తారంగా పేల్చిన రివాల్వర్లలో సరిగ్గా ఆ చదును దగ్గరే పగుళ్లు వచ్చాయి. సిలిండర్ తెరిచి, చిన్న టార్చి వెలుగు పక్కనుంచి పడేలా పట్టి, మసి తుడిచి చూడండి. వెంట్రుక లాంటి గీత ఒక్కటి కనిపించినా అది మాగ్నమ్‌కు పనికిరాదు, కొనేవారికి ఆ మాట చెప్పకుండా అమ్మడం తప్పు.

పగులు లేకపోతే మాత్రం మీది విలువైన రివాల్వరే. 19-3, అంటే మోడల్ 19లో పాత మార్పుల నాటిది కాబట్టి బ్యారెల్‌ను ఫ్రేమ్‌కు బిగించే సన్నని పిన్ను ఉంటుంది, తూటా అంచులు సిలిండర్ లోపలికి మునిగేలా గాడులు ఉంటాయి. ఈ రెండు పనులనూ ఆ సంస్థ 1982 ప్రాంతంలో మానేసింది. అందువల్ల 2018 నాటిది దీనికి బదులు అన్న మొదటి సమాధానాన్ని నేను ఒప్పుకోను.

అయితే మీ నాలుగింటిలో మోడల్ 10 తప్ప మూడూ ఒకే తూటాకు, 357 మాగ్నమ్‌కు చేసినవి. పైగా నాలుగింటిలోనూ 38 స్పెషల్ అనే పొట్టి తూటా పేలుతుంది. 357 మాగ్నమ్ తూటాను అంగుళంలో సుమారు ఎనిమిదో వంతు పొడుగు చేసింది అది పాత 38 రివాల్వర్లలో పట్టకుండా ఉండటానికే. ఖర్చు తగ్గించుకోవలసిన రోజుల్లో ఒక్క రకం తూటాతో గడిచిపోవడం చిన్న విషయం కాదు. ఈ లెక్కన ఏది పోయినా మీకు పని ఆగదు. ఆ తరువాతిది ఇష్టానికి సంబంధించిన ప్రశ్న, దానికి మీరే జవాబుదారులు.

నాలుగో సమాధానం

రెండు మాటలే చెబుతాను. మోడల్ 10ని అమ్మకండి. 1899లో మిలిటరీ అండ్ పోలీస్ పేరుతో మొదలై లక్షల్లో తయారైన రకం కాబట్టి బజారులో దానికి ధర లేదు, కానీ నాన్నగారి చేతి ఒరుపు ఉన్నది లోకంలో అదొక్కటే. రెండోది, అమ్మబోయేదానికి కొత్తగా పూత వేయించడం, మెరుగు పెట్టించడం చేయకండి. సేకరించేవారు అరిగిన అసలు పూతకు ఇచ్చే ధర కొత్త పూతకు ఇవ్వరు.

ప్రశ్న వేసినవారు

నిన్న రాత్రి చెప్పినట్టే చేసి చూశాను. మోడల్ 19 ఫోర్సింగ్ కోన్ శుభ్రంగా ఉంది, పగులు లేదు. పైథాన్‌లో నాలుగు చాంబర్లకు గొళ్లెం సరిగ్గా పడింది. రెండింటికి మాత్రం హామర్ నిలిచిన తర్వాత సిలిండర్‌ను వేలితో వెంట్రుకవాసి తోస్తే గానీ “టక్” మనలేదు. మూడుసార్లు తిప్పి చూసినా అవే రెండు. ఇన్నాళ్లూ నున్నగా ఉందని మురిసిపోయానే గానీ, అంత నెమ్మదిగా హామర్ లాగి ఎప్పుడూ చూడలేదు.

మొదటి సమాధానం ఇచ్చినవారు

అయితే ఇప్పుడు అసలే అమ్మకండి. లోపం ఉన్నదాన్ని అవసరంలో అమ్మితే కొనేవాడు లోపాన్నీ లెక్కగడతాడు, మీ అవసరాన్నీ లెక్కగడతాడు. జీపీ100తో ఇప్పటికి గట్టెక్కి, పైథాన్‌ను బాగుచేయించాక నిదానంగా ఆలోచించండి.

రెండో సమాధానం ఇచ్చినవారు

బాగుచేయించడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? అది ఎన్నాళ్లు పడుతుందో తెలియదు, వాయిదా మాత్రం వచ్చే నెలలోనే ఉంది. పైగా జీపీ100 ఒక్కటీ చాలదని ఆయన మొదట్లోనే చెప్పారు. లోపం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పాత కోల్ట్‌లు సేకరించేవారికి ఈ వెనకబాటు కొత్త కాదు, బాగుచేయించే ఖర్చు తగ్గించి ధర చెబుతారు. ఆ తగ్గింపు పోను కూడా బకాయిలు తీరుతాయో లేదో ముందు కనుక్కోండి. తీరకపోతే మొదటి మిత్రుల మాటే నిలుస్తుంది, నేనూ ఒప్పుకుంటాను.

ప్రశ్న వేసినవారు

కనుక్కున్నాను. లైసెన్సు ఉన్న వ్యాపారి ఒకరు పైథాన్‌ను తిప్పి చూసి, నేను చెప్పకముందే ఆ రెండు చాంబర్లూ పట్టుకున్నారు. ఆయన తగ్గించిన ధరకు కూడా నాలుగు వాయిదాలూ తీరతాయి, మిగిలేది మాత్రం ఏమీ లేదు. ఒప్పుకున్నాను. కాగితాలు పూర్తయ్యాక అప్పగించాలి.

మొదటి సమాధానం ఇచ్చినవారికి ఒక మాట. మీరు చెప్పిన పశ్చాత్తాపం నాకూ రావచ్చు, దాన్ని కాదనను. కానీ గడిచిన ఏడాది నేను ఏ రివాల్వర్‌ను ఎన్నిసార్లు బయటికి తీశానో లెక్క వేసుకుంటే, పైథాన్‌ను తీసింది రెండుసార్లు, ఆ రెండూ నూనె రాయడానికే. కాబట్టి నేను అమ్ముతున్నది నేను వాడని వస్తువునే. ఇంట్లో పెద్దవాళ్లకు మోడల్ 10 సంగతి కూడా చెప్పేశాను. ఇక దాన్ని అమ్మమని అడగరు.

మొదటి సమాధానం ఇచ్చినవారు

నా అభిప్రాయం మారలేదు, అయినా మీ లెక్క నిజాయితీగా ఉంది. అసలు పెట్టెతో పాటు పాత కాగితాలు ఏమైనా ఉంటే వాటినీ ఇచ్చి, ధర అందుకు తగ్గట్టు అడగండి. అప్పగించే ముందు దాని క్రమసంఖ్య రాసి పెట్టుకోండి. ఎన్నడైనా ఆ పైథాన్ మళ్లీ అమ్మకానికి వస్తే గుర్తుపట్టడానికి ఆ అంకె ఒక్కటే మీ దగ్గర మిగులుతుంది. నా డిటెక్టివ్ స్పెషల్ అంకె నేను రాసుకోలేదు.