దర్శనం అయ్యాక ఒక్క రోజు ఖాళీ: తలకోనా, ఇంకేదైనా కోనా?

గోదారి గట్టు: డిసెంబరు రెండో వారంలో తిరుమల వస్తున్నాం. దర్శనం మరునాడు రాత్రి పదింటికి రైలు. పగలంతా ఖాళీయే. అమ్మకు అరవై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. పాపకు తొమ్మిదేళ్లు, నీళ్లంటే ప్రాణం. తలకోన జలపాతానికి వెళ్లగలమా?

భాకరాపేట ఘాట్: తప్పకుండా వెళ్లండి. తిరుపతి నుంచి 60 కిలోమీటర్ల లోపే. మా వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి కాబట్టి డిసెంబరులో ధార నిండుగా ఉంటుంది. ఎండాకాలం వచ్చి "ఇంతేనా" అనుకుని వెళ్లేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు దూకుతుంటే కింద నిలబడి చూడాలి! సిద్ధేశ్వరస్వామి గుడి దాకా కారు పోతుంది. అక్కడి నుంచి అడవిలో నడక. దారిలో చెట్లను చుట్టుకుని పాకిన గిల్లతీగలు పాపకు చూపించండి, ఒక్కో తీగ చాలా లావు. తినేవి చేతిలో పట్టుకోవద్దు, కోతులు లాక్కుంటాయి.

రోజూ మెట్లు: అమ్మగారి మోకాళ్ల సంగతి చూసుకోండి. తలకోన బాటలో రాళ్లు ఎక్కువ. తిరుమల కొండకు నడిచి ఎక్కే ఆలోచన కూడా ఉంటే శ్రీవారిమెట్టు దారిలో 2,388 మెట్లు, అలిపిరి దారిలో 3,550. అలిపిరి దారిలో మోకాళ్లమెట్టు దగ్గర నాలాంటి అలవాటైనవాళ్లకే ఆయాసం వస్తుంది. 2023లో చిరుత దాడి జరిగినప్పటి నుంచి నడకదారిలో పిల్లల విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటున్నారు. పాపతో నడిచేట్టయితే పొద్దున్నే బయల్దేరి గుంపుతో కలిసి వెళ్లండి.

పుత్తూరు కుర్రాడు: అక్కా, మీకు మా పుత్తూరు దగ్గరి కైలాసకోన సరిపోతుంది. నడక తక్కువ, ధార పక్కనే శివుడి గుడి. తలకోనంత ఎత్తు లేదు, కానీ ఏడాది పొడుగునా నీళ్లుంటాయి. దారిలోనే నారాయణవనం. శ్రీనివాసుడికీ పద్మావతికీ పెళ్లయిన ఊరని మా పెద్దలు చెబుతారు. కళ్యాణ వెంకటేశ్వరస్వామిని చూసుకుని కోనకు వెళ్లొచ్చు. ఆదివారం మాత్రం వద్దు, నిలబడేందుకు చోటుండదు.

ఇంకో మాట. పోయిన ఏడాది వేరే కోనలో మా స్నేహితుడు పాచి మీద జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఫోన్ సిగ్నల్ లేదు, రెండు గంటలు మోసుకొచ్చాం. నీళ్లు ఉన్నట్టుండి ఎర్రగా మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొచ్చినా వెంటనే గట్టెక్కేయండి. మీ నెత్తిన ఎండ ఉన్నా పైకొండ మీద వాన పడుతున్నట్టే.

రాళ్ల మాస్టారు: తిరుమలలో శిలాతోరణం వదలొద్దు. గాలీ నీరూ తొలిచిన సహజమైన రాతి కమాను. ఘాట్ రోడ్డులో కింద గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతి పొరలు కలిసే గీత కనిపిస్తుంది. ఆ రెండు రాళ్ల వయసుకు మధ్య కోట్ల ఏళ్ల ఎడం. దిగేటప్పుడు పాపను కిటికీ పక్కన కూర్చోబెట్టండి.

గోదారి గట్టు: వెళ్లొచ్చాం. మంగళవారం కైలాసకోన, జనం తక్కువ. పాప పెదాలు నీలంగా మారేదాకా నీళ్లలోంచి రానంది. అమ్మ ఒడ్డున కూర్చుంటానని చెప్పి, మేం చూసేసరికి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ధార కింద తల పెట్టి ఉంది. పుత్తూరు తమ్ముడికి అమ్మ ఆశీస్సులు చెప్పమంది. తలకోన వచ్చే డిసెంబరుకి.