దుంగల దొంగలు ఎర్రచందనం జాతినే మార్చేస్తున్నారా?

మామండూరు బాట:
అందరికీ నమస్కారం. మొన్న చుట్టాలింట్లో పెళ్లిలో మొదలైన వాదన ఇది, అక్కడ తెగలేదు. మా బావ అడవి పక్కనే పెరిగిన మనిషి. ఆయన మాట ఏమిటంటే, ఇన్నేళ్లుగా దొంగలు శేషాచలంలో లావుగా, నిటారుగా, చేవ, అంటే నడిమధ్యన ఎర్రగా ఉండే గట్టి కొయ్య, బాగా పట్టిన చెట్లనే ఏరి కొడుతున్నారు. మిగిలేవి వంకరవి, బక్కవి. రేపు మొలిచేవి వాటి గింజలే. ఇంకొన్ని తరాలకు ఎర్రచందనం పేరుకే ఉంటుంది, లోపల ఎరుపు ఉండదు అంటాడు. డార్విన్ చెప్పిన ఎంపిక ఇదే, ఎండా వానా చేసే పని ఇక్కడ గొడ్డలి చేస్తోందంతే అని కూడా అన్నాడు. ఈ చెట్టు ప్రపంచం మొత్తంలో సహజంగా మొలిచేది మన తూర్పు కనుమల దక్షిణపు కొసలోనే: శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు. ఇక్కడ జాతి పాడైతే వేరే చోటి నుంచి తెచ్చుకునే దారి లేదు. ఆయన చెప్పింది నిజమేనా?

కౌండిన్య గుంపు:
నూటికి నూరుపాళ్లు నిజం అన్నా. మాది పలమనేరు పక్క పల్లె. ఏనుగుల గురించి ఎక్కడేం రాసినా చదువుతా, మా చేలు తొక్కేది అవే కదా. ఆఫ్రికాలో, మొజాంబిక్ దేశంలో గొరొంగోజా అని ఒక పార్కు ఉంది. అక్కడ 1977 నుంచి 1992 దాకా అంతర్యుద్ధం. దంతాల కోసం, మాంసం కోసం రెండు పక్షాలూ ఏనుగుల్ని కాల్చుకుంటూ పోయాయి. 90 శాతానికి పైగా చచ్చిపోయాయి. అక్కడ ఆడ ఏనుగులకూ దంతాలుంటాయి. పుట్టుకతోనే దంతాలు రాని ఆడవి యుద్ధానికి ముందు 18.5 శాతం ఉంటే, తర్వాత 50.9 శాతం అయ్యాయి. దంతాల్లేని దాని మీద తూటా ఎందుకు దండగ అని వదిలేశారు, అవి బతికి పిల్లల్ని కన్నాయి. 2021లో ఈ పరిశోధన అచ్చయ్యింది. దంతం అన్నచోట చేవ అని చదువుకోండి, మీ బావ మాట సరిపోతుంది.

వి.కోట టమోటా:
ఏనుక్కి అయ్యింది మానుక్కూ అవతాదంటే ఎట్లన్నా? మా గట్టు మీద ఎర్రచందనం మాన్లు ఉండాయి. మా నాయన నాటినవి కొన్ని, వాటి కాయలు పడి మొలిచినవి కొన్ని. నేను చూసింది చెప్తా. మాను కాలి పిక్కంత లావు అయ్యేటప్పటికే ఎండాకాలం పసుప్పచ్చటి పూలు పూస్తాది, చెట్టు కింద నిలబడితే తేనెటీగల మోతకు మాట ఇనపడదు. తర్వాత చుట్టూ రెక్క కట్టిన కాయలు, గాలికి పక్కోళ్ల చేన్లోకి పోయి పడతాండాయి. గాలివానకు అట్టాంటి మాను ఒకటి ఇరిగింది, కోసి చూసినా. నడిమధ్యన ఎరుపు బొటనవేలంత మందం కూడా లేదు, చుట్టూ అంతా తెల్ల కొయ్యే. అంటే ఏంది? దొంగోడు దాని దిక్కు చూసే వయసు రాకముందే అది ఎన్నో ఏండ్లు కాయలు రాల్చేసుంటాది. దాని గుణం ఆ గింజల్లో ఉండనే ఉండాది. మరి మంచి జాతి యాడికి పోతాది?

కౌండిన్య గుంపు:
గింజలు రాలితే మొలిచినట్టేనా అన్నా? రాళ్ల మధ్య పడి, మేకల నోట పడకుండా, కార్చిచ్చు తప్పించుకుని చెట్టయ్యేది వేలల్లో ఒకటి. పెద్ద చెట్టు ఏడాదికి కాసినన్ని కాయలు పిక్కంత మాను కాస్తుందా? పెద్దదాన్ని కొట్టేస్తే దాని వాటా ఆ మేరకు పడిపోయినట్టే. పైగా దొంగలు వెంటాడేకొద్దీ చెట్టు కూడా జాగ్రత్త పడుతుంది, బతకడానికి చేవ తగ్గించుకుంటుంది. ప్రకృతి అంటే అదే.

బోటనీ టీచరమ్మ:
కౌండిన్య బాబూ, వాటా గురించి మీరన్నది గట్టి మాట, దానికి మళ్లీ వస్తా. చివరి రెండు వాక్యాలు మాత్రం ఒప్పుకోలేను. ఏ చెట్టూ దొంగను చూసి జాగ్రత్త పడదు. గొరొంగోజాలో ఒక్క ఏనుగు కూడా తుపాకీకి భయపడి దంతాలు మానుకోలేదు. దంతాలు రానివి ముందే ఉన్నాయి, వాటి పాలు పెరిగింది. మారింది మంద లెక్క. మా డిగ్రీ పిల్లలకు ఇది ఒక్కటి ఒంటబట్టించడానికే సగం సెమిస్టర్ పడుతోంది. పైగా 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి పరిణామం పాఠమే ఎత్తేశారు, ఆ బాధ వేరే.

ఇప్పుడు అసలు వాదన. ఒక గుణం జాతిలో తగ్గాలంటే మూడు కలిసిరావాలి. చెట్టుకూ చెట్టుకూ ఆ గుణంలో తేడా ఉండాలి. ఆ తేడా గింజలో దిగి పిల్లకు రావాలి. ఆ తేడా వల్లనే ఒకదానికి సంతానం తగ్గి, ఇంకోదానికి పెరగాలి. గొరొంగోజాలో మూడూ అచ్చంగా కుదిరాయి. దంతాలు రాకపోవడం ఎక్స్ క్రోమోజోమ్ మీది మార్పుతో తల్లి నుంచి కూతురికి వస్తుంది. అదే మార్పు అందిన మగ పిండం బతకదని తేల్చారు, అందుకే దంతాల్లేని మగవి అక్కడ కనపడవు. మన ఏనుగుల్లో కథ వేరు. ఆడవాటికి ఎటూ బయటికి కనపడే దంతాలుండవు, దంతాల్లేని మగవి, మఖనాలు, మనకు మామూలే.

ఎర్రచందనానికి వస్తే, తేడాలున్నాయి, సందేహం లేదు. కానీ ఆ తేడాలో ఎంత పుట్టుకది, ఎంత పెరిగిన చోటుది? ఒకే తల్లి గింజలు రెండు, ఒకటి బండ నెర్రెలో, ఇంకోటి వంక పక్క ఒండ్రులో మొలిస్తే లావులో పోలికే ఉండదు. దొంగ చూసే లావు చాలావరకు వయసు. వయసు గింజలో దిగదు. ఒకే గుణమున్న రెండు చెట్లలో ముసలిదాన్ని కొట్టి పడుచుదాన్ని వదిలితే జాతి ఏమీ మారదు.

అలాగని మొక్కల మీద మనిషి ఎంపిక పనిచేయదని నేననను. టిబెట్ వైపు హిమాలయాల్లో మంచు తామర అని ఒక మందు మొక్క ఉంది. బతుకులో ఒక్కసారే పూసి చచ్చిపోతుంది. జనం పెద్ద పెద్దవి చూసి పూత మీద ఉండగానే, గింజ కట్టకముందే పీకేస్తారు. హెర్బేరియంలలో ఎండబెట్టి దాచిన పాత మొక్కలను కొలిచి చూస్తే, నూరేళ్లలో ఆ జాతి పొట్టిదైపోయింది. పక్కనే పెరిగే దాని చుట్టం జాతిని జనం పెద్దగా ముట్టరు, అది పొట్టి కాలేదు. 2005లో వచ్చిన పరిశోధన ఇది. వి.కోట అన్న గట్టు మీది మానుకూ దీనికీ తేడా చూడండి. ఒక్క గింజ కూడా రాల్చకముందే పోవడం వేరు, ఏళ్ల తరబడి కాసి పోవడం వేరు. అందుకే గొడ్డలి ఎంపిక చేస్తోందని ఒప్పుకుంటా గానీ, ఇక్కడ దాని పట్టు చాలా బలహీనం.

మాధవమాల ఉలి:
మేము తరాలుగా బొమ్మలు చెక్కేవాళ్లం. ఎర్రచందనమంటే అందరూ ఎరుపే చూస్తారు. ధర తెచ్చేది గీత. కొన్ని దుంగల్లో కొయ్య నార నీటి మీద అలల మాదిరి వంపులు తిరిగి ఉంటుంది. దాని మీద ఉలి పెడితే నేరుగా పోదు, ప్రతి వంపు దగ్గరా లేస్తుంది, చెయ్యి తేలిక చేసుకుని అటు నుంచి ఒకసారి ఇటు నుంచి ఒకసారి రావాలి. జపానోళ్లు వాళ్ల తంత్రీ వాద్యాలకు ఇదే అడుగుతారు. రాతినేలలో, నీళ్లు తక్కువచోట కష్టపడి పెరిగిన చెట్టుకే అలలు వస్తాయని మా పెద్దోళ్ల మాట. అదే నిజమైతే కొండ ఉన్నంతకాలం అలలూ ఉంటాయి. పుట్టుకతో వచ్చేదైతే మాత్రం బావగారి భయం నిజమైనట్టే, ఎందుకంటే ఆ గీత కోసమే ఏరుతారు.

వి.కోట టమోటా:
టీచరమ్మా, మా టమోటాలో శనగపచ్చ పురుగుది మీరు చెప్పిన మూడూ కుదిరిన కేసే. మందు కొడితే చచ్చేవి చస్తాయి, తట్టుకున్నవి గుడ్లు పెడతాయి, నెలకో తరం. అంగడోడు మాత్రం ‘పురుగు అలవాటు పడింది’ అని ఇంకో డబ్బా చేతిలో పెడతాడు. మానుకు ఒక తరమంటే మనిషి జీవితంలో సగం. బావ లెక్కలో ఆ తొందర లేదు.

బీటు పెద్దాయన:
రిటైరైన వాణ్ణి, ఆ కొండల్లోనే నా సర్వీసంతా పోయింది. మీరెవరూ మోడు గురించి మాట్లాడలేదేం? ఎర్రచందనాన్ని నరికితే అది చచ్చినట్టు కాదు. వేరు గట్టిగా ఉంటే మొదట్లోంచి పిలకలు వస్తాయి, నాలుగైదు ఒక్కసారే లేస్తాయి. పశువులు కొరక్కుండా, మంట తగలకుండా ఉంటే వాటిలో ఒకటో రెండో మళ్లీ మానవుతాయి. అది పిల్ల కాదు, అదే చెట్టు. అదే పుట్టుక, అదే గుణం, మళ్లీ అవే కాయలు. దొంగ ఎత్తుకుపోయింది దుంగను. వేరు కొండలోనే ఉంది. ఏనుగును కాల్చితే మళ్లీ లేస్తుందా?

నా భయం వేరే. 2014 మార్చిలో తిరుమల కొండల్లో కార్చిచ్చు లేచినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు తెచ్చి నీళ్లు పోయాల్సొచ్చింది. అట్టాంటి ఏడాది పిలకలూ మొలకలూ ఒక్క రాత్రిలో పోతాయి. మంచిదా చెడ్డదా అని మంట చూడదు.

మామండూరు బాట:
పెద్దాయనా, మీ మాటతో నాకు ఇంకో సందేహం. ఇప్పుడు పేపర్లో ఫోటోలు చూస్తే పట్టుబడే దుంగలు సన్నగా ఉంటున్నాయి. లావువి దొరక్క సన్నవీ కొడుతున్నారేమో. ఏరడం మానేస్తే ఎంపిక కూడా ఆగిపోయినట్టేనా?

బోటనీ టీచరమ్మ:
భలే చోట పెట్టారు వేలు. దొంగ ఏరికోరి కొడితేనే ఎంపిక. కంటికి కనపడిందల్లా కొడితే గుణాన్ని బట్టి ఎంపిక ఉండదు, చెట్లు మాత్రం మిగలవు. అప్పుడు మొదలయ్యేది ఇంకో రకం మార్పు. వేల చెట్లున్న లోయలో పది మిగిలితే, ఆ పదింటికి ఏ గుణాలుంటే రేపటి తరానికి అవే దిక్కు. అవి మేలైనవి కానక్కర్లేదు, అదృష్టం కొద్దీ మిగిలినవి. అరుదైన గుణాలు ఎవరూ ఏరకుండానే జారిపోతాయి. ఇక ఎర్రచందనం కాయ కట్టాలంటే చాలావరకు వేరే చెట్టు పుప్పొడి కావాలి, తేనెటీగే దిక్కు. చెట్టుకూ చెట్టుకూ దూరం పెరిగేకొద్దీ కాయలూ తగ్గుతాయి. నన్నడిగితే బావగారు భయపడాల్సింది చేవ తగ్గుతుందని కాదు, చెట్ల లెక్క తగ్గుతుందని.

కౌండిన్య గుంపు:
అంటే మా పక్షం ఓడినట్టా మేడం? చైనాలో ఉల్లిగడ్డ మాదిరి గడ్డ ఉండే మందు మొక్క ఒకటి ఉందట. జనం ఎక్కువ తవ్వే కొండల్లో దాని ఆకులు పచ్చరంగు పోయి రాళ్ల రంగులోకి వచ్చాయని 2020లో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. మనిషి కంటికే అందకుండా పోయింది. అది జరిగినప్పుడు ఇది ఎందుకు జరగదు?

బోటనీ టీచరమ్మ:
నిజమే, జరిగింది. అక్కడ గడ్డ తవ్వితే మొక్క మొత్తం పోతుంది, మోడు లేదు, పిలక లేదు. పైగా రంగు ఆకు మీదే కనపడుతుంది. చేవ బెరడు లోపల ఉంటుంది. మీరు ఓడలేదు బాబూ, సాక్ష్యం ఇంకా రాలేదు.

మామండూరు బాట:
ఇదంతా బావకు ఫోన్లో చదివి వినిపించా. ఒక్కటే అన్నాడు: ‘అయితే ఇప్పుడు కొండెక్కితే వంకర చెట్లే ఎందుకు కనపడతాయిరా?’

బీటు పెద్దాయన:
నిటారువి కొట్టేస్తే ఇంకేం మిగులుతాయి నాయనా? అది నేటి అడవి. వాటి పిల్లలు కూడా వంకరేనా అన్నది తేలాలంటే ఒకటే దారి. వంకర చెట్ల గింజలు కొన్ని, నిటారు చెట్ల గింజలు కొన్ని తెచ్చి, ఒకే నేలలో ఒకే నీళ్లతో పక్కపక్క సాళ్లలో పెంచాలి. రెండు సాళ్లూ ఒకేలా లేస్తే వంకర నేలది. తేడా కనపడితే బావ గెలిచినట్టు. అలల గీత సంగతి కూడా అట్నే, కాకపోతే అది చూడ్డానికి మనలో ఎవరం ఉండం.

వి.కోట టమోటా:
బోరు పక్కన రెండు సాళ్లు నేనిస్తా సామీ. గింజలు తెచ్చేదెవరు?

బీటు పెద్దాయన:
కొండలోంచి గింజ ఏరాలన్నా అటవీశాఖ అనుమతి కావాల. కాయితం నేను రాసిపెడతా, సంతకాలు మీరు పెట్టండి. కాయ ఎండి రాలకముందే పని కావాలి.