లక్షణాలు లేని షుగరు రోగులకు ఏటా ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ పరీక్ష చేయించాలా?

పల్లెవైద్యం (చర్చ ప్రారంభం):

2022లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఒక ఏకాభిప్రాయ నివేదిక వెలువరించింది. మధుమేహం ఉన్నవారికి ఆయాసం, కాళ్లవాపు వంటివేవీ లేకపోయినా, కనీసం ఏడాదికొకసారి రక్తంలో నేట్రియురెటిక్ పెప్టైడ్ (గోడ మీద ఒత్తిడి పెరిగితే గుండె కండరం విడుదల చేసే పదార్థం; బీఎన్‌పీ, ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ పరీక్షలు కొలిచేది దీన్నే) గానీ హై సెన్సిటివిటీ ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రొటీను) గానీ చూడాలని అందులో సూచించింది. గుండె వైఫల్యాన్ని లక్షణాలు బయటపడకముందే పసిగట్టడం దీని ఉద్దేశం. మధుమేహం ఉన్నవారిలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కో స్పందనలో ఎడమ జఠరిక బయటికి పంపే రక్తం శాతం) మామూలుగానే ఉండి, గుండె సరిగా సడలక వచ్చే రకం ఎక్కువ. దాన్ని స్టెతస్కోపుతో పట్టుకోవడం కష్టం. ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్) యంత్రం, అది చేయగల నిపుణుడు ప్రతి మండల కేంద్రంలోనూ ఉండరు. రక్తం నమూనానైతే ఎక్కడినుంచైనా పంపవచ్చు. కనుక మన దగ్గర కూడా ఈ పరీక్షను ఏటా చేసే కంటి పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షల సరసన చేర్చాలని నా వాదన. అంగీకరించనివారు కారణాలతో రాయగలరు.

ఎకోగది:

నేను అంగీకరించను. ఈ వాదనలో డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్‌ను (గుండె సరిగా సడలకపోవడాన్ని), గుండె వైఫల్యాన్ని ఒకే గాటన కట్టేశారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం ఓల్మ్‌స్టెడ్ కౌంటీలో 45 ఏళ్లు దాటిన 2042 మందికి ఎకో చేసి, 2003లో ఫలితాలు ప్రచురించారు. స్వల్ప డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ 20.8 శాతం మందిలో, మధ్యస్థం 6.6 శాతం మందిలో, తీవ్రమైనది 0.7 శాతం మందిలో కనిపించింది. గుండె వైఫల్యం ఉన్నట్టు నిర్ధారణ అయినవారు మాత్రం 2.2 శాతమే. అంటే ఎకో రిపోర్టులో ‘గ్రేడ్ 1’ (స్వల్ప డిస్‌ఫంక్షన్) అని రాసి ఉన్నవారిలో అత్యధికులు రోగులు కారు. అరవై దాటాక ఎడమ జఠరిక కొంత నెమ్మదిగా సడలడం వయసుతో వచ్చే మార్పు. ఆ ఒక్క వాక్యం చూసి బెంగపెట్టుకుని, ఊరూరా తిరిగి ఎకోలు మళ్లీ చేయించుకునేవారిని మా గదిలో వారం వారం చూస్తూనే ఉంటాము.

అదే సమాజం మీద, అదే బృందం ఆ మరుసటి ఏడాది బీఎన్‌పీ పరీక్ష పనితీరును కూడా పరిశీలించింది. లక్షణాలు లేనివారిలో డిస్‌ఫంక్షన్‌ను పట్టుకోవడానికి అది సరిపోదని తేలింది. ఇందులో వింతేమీ లేదు. గుండె కండరం ఈ పెప్టైడ్‌ను విడుదల చేసేది గోడ మీద ఒత్తిడి పెరిగినప్పుడు. స్వల్ప దశలో సడలిక మందగించినా, విశ్రాంతిలో ఎడమ కర్ణికలో పీడనం పెరగదు, గోడ సాగదు, పెప్టైడ్ పెరగదు. పైగా గోడ మందంగా, గది చిన్నగా ఉండే ఈ రకం గుండెలో, సాగిపోయిన పెద్ద గుండెతో పోలిస్తే గోడ మీద పడే ఒత్తిడి తక్కువ. అందుకే అంతే ఆయాసం ఉన్నా, ఎజెక్షన్ ఫ్రాక్షన్ తగ్గినవారికంటే వీరిలో విలువలు తక్కువగా వస్తాయి.

పల్లెవైద్యం:

ఎకోగది గారు చెప్పిన తేడా నాకు సమ్మతమే. అయితే నేను వెతకమంటున్నది గ్రేడ్ 1ని కాదు, ముప్పు ఎక్కువగా ఉన్న మనిషిని. ఐర్లాండులో జరిగి 2013లో వెలువడిన ‘స్టాప్ హెచ్ఎఫ్’ అధ్యయనం సరిగ్గా ఆ పనే చేసింది. బీపీ, షుగరు, కొలెస్టరాల్ వంటి కారణాలుండి గుండె వైఫల్యం లేని, నలభై దాటిన 1374 మందిని రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టులో బీఎన్‌పీ మిల్లీలీటరుకు 50 పికోగ్రాములు, ఆపైన ఉన్నవారికి ఎకో చేసి, కార్డియాలజిస్టు, కుటుంబ వైద్యుడు కలిసి చూసుకున్నారు. రెండో జట్టుకు మామూలు వైద్యమే అందింది. సగటున 4.2 ఏళ్ల తర్వాత, గుండె వైఫల్యం గానీ ఎడమ జఠరిక పనితీరు లోపం గానీ మామూలు వైద్యం పొందినవారిలో 8.7 శాతానికి, పరీక్ష జట్టులో 5.3 శాతానికి వచ్చింది. అదే ఏడాది వచ్చిన ‘పోంటియాక్’ అధ్యయనంలో, గుండె జబ్బు లేకుండా ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ 125 దాటిన 300 మంది మధుమేహ రోగులను తీసుకుని, ఒక జట్టుకు బీపీ మందుల మోతాదులను వేగంగా పెంచారు. రెండేళ్లలో ఆ జట్టువారిలో గుండె కారణంగా ఆసుపత్రిలో చేరడం, చనిపోవడం గణనీయంగా తగ్గాయి. పరీక్ష గ్రేడును చెప్పలేకపోవచ్చు, కానీ ఎవరిని జాగ్రత్తగా చూడాలో చెబుతోంది కదా?

నాడీపట్టు:

పోంటియాక్‌లో చేరినవారు మూడు వందల మందే, లెక్కకు వచ్చిన సంఘటనలు ఇంకా కొద్ది. అంత చిన్న ఆధారం మీద కోట్ల మందికి వార్షిక పరీక్ష నిర్ణయించకూడదు. స్టాప్ హెచ్ఎఫ్ ఫలితం గట్టిదే గానీ, అక్కడ పనిచేసింది రక్త పరీక్ష ఒక్కటేనా, లేక ఆ తర్వాత వరుసగా జరిగిన ఎకో, నిపుణుడి సమీక్ష, మందుల సవరణ, మళ్లీ మళ్లీ పలకరింపులా? పరీక్ష జట్టులో సుమారు పదిమందిలో నలుగురికి ఏదో ఒక దశలో విలువ 50కి చేరింది. ఆ నిష్పత్తిలో మన జిల్లా ఆసుపత్రికి ఎకో కోసం పంపితే, అక్కడ ఇప్పటికే ఆయాసంతో నిలబడలేక వరుసలో ఉన్న మనిషి ఇంకెంత వెనక్కి జరుగుతాడో ఆలోచించండి.

ఒక లెక్క వేస్తాను. ఇది ఊహాజనితమైన లెక్క అని ముందే చెబుతున్నాను. లక్షణాలు లేని వెయ్యి మంది మధుమేహ రోగుల్లో 50 మందికి నిజంగా గుండె దెబ్బతింటోందని అనుకుందాం. పరీక్ష ఆ యాభైలో 90 శాతాన్ని పట్టుకుంటుందని, జబ్బు లేనివారిలో 70 శాతాన్ని సరిగా తోసిపుచ్చుతుందని అనుకుందాం. అప్పుడు 45 మంది నిజమైన రోగులు దొరుకుతారు, వారితోపాటు జబ్బు లేని 285 మంది కూడా అనుమానితుల జాబితాకెక్కుతారు. ఇదే పరీక్షను ఆయాసంతో అత్యవసర విభాగానికి వచ్చినవారికి చేస్తే కథ వేరు. అక్కడ సగానికి దగ్గరగా జబ్బు ఉన్నవారే ఉంటారు. 2002లో 1586 మంది మీద జరిగిన అధ్యయనంలో బీఎన్‌పీ 100 అనే ఒక్క హద్దుతోనే 83 శాతానికి పైగా సరైన నిర్ణయం వచ్చింది. కాబట్టి ఈ పరీక్ష మంచిదా చెడ్డదా అని ఎవరినైనా ఏం అడుగుతాం? ఎవరికి చేస్తున్నామన్నదే తేల్చుకోవాలి.

ఇంకొకటి. మధుమేహంలో గుండె వైఫల్యాన్ని వెనక్కి నెట్టే మందులు ఇప్పుడు ఖరీదైనవి కావు. డపాగ్లిఫ్లోజిన్ పేటెంటు మన దేశంలో 2020లోనే ముగిసింది, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025 మార్చిలో ముగిసింది. పరీక్షకు పెట్టే డబ్బుతో మధుమేహ రోగికి నెలల తరబడి మందే ఇవ్వవచ్చు. ఎలాగూ ఇవ్వదగిన మందును, ఇవ్వడానికి ముందు ఒక అంకె కోసం ఎదురుచూడటం దేనికి?

సోంపేట చదువరి:

నేను వైద్యుణ్ణి కాను. ఉద్దానం ప్రాంతంలో షుగరు, బీపీ లేకుండానే మూత్రపిండాలు దెబ్బతిన్నవారు ఎందరో ఉన్నారు, మా బంధువుల్లోనూ ఉన్నారు. వారిలో ఒకరికి ఆయాసం ఏమీ లేకపోయినా, ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ 900 దాటిందని రిపోర్టు ఎర్ర అక్షరాల్లో వచ్చింది. గుండె పాడైపోయిందని ఇంటిల్లిపాదీ బెదిరిపోయాము. మూత్రపిండాల జబ్బు ఉంటే ఈ అంకెను ఎలా చదవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరా?

జీవరసాయనం:

సోంపేట చదువరి గారూ, గుండె కణం మొదట 108 అమైనో ఆమ్లాల ప్రోబీఎన్‌పీని తయారుచేస్తుంది. అది విడిపోయి 32 అమైనో ఆమ్లాల బీఎన్‌పీ, 76 అమైనో ఆమ్లాల ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అవుతాయి. మొదటిది శరీరం మీద పనిచేస్తుంది, 20 నిమిషాల్లో సగమైపోతుంది. రెండోదానికి పని ఏమీ లేదు, రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది, నమూనాలో చెడిపోదు, అందుకే ప్రయోగశాలలకు అనువైనది. కానీ అది బయటికి పోవడానికి మూత్రపిండాల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. వడపోత తగ్గితే గుండె మారకపోయినా అంకె పెరుగుతుంది. ఆయాసంతో అత్యవసరంగా వచ్చినవారిలో కూడా, వడపోత రేటు 60 లోపు ఉంటే 1200 హద్దుగా పెట్టుకోవాలని ఒక అధ్యయనం సూచించింది. అలాగని మీ బంధువు గారి అంకెను పూర్తిగా కొట్టిపారేయవద్దు. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిలో గుండె కూడా నిజంగానే దెబ్బతింటుంది కనుక, క్రియాటినిన్‌తో (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్త పరీక్ష) కలిపి వైద్యునికి చూపి ఒకసారి ఎకో చేయించడం సబబు.

ఎర్ర అక్షరాల సంగతి కూడా చెప్పాలి. రిపోర్టులో ముద్రించే 125 అనే హద్దు, నిలకడగా ఉన్న మనిషిలో జబ్బును తోసిపుచ్చడానికి యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ వాడేది. అంతకు తక్కువైతే గుండె వైఫల్యం ఉండే అవకాశం స్వల్పం, అంతే. అంతకు ఎక్కువైతే జబ్బు ఉన్నట్టు కాదు. అత్యవసర స్థితిలో జబ్బును నిర్ధారించే హద్దులు వయసుతో మారతాయి. యాభై లోపు 450, యాభై నుంచి డెబ్బై అయిదు వరకు 900, ఆపైన 1800. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) ఉన్నా అంకె పెరుగుతుంది. ఇన్ని హద్దులుండగా రిపోర్టు మీద ఒక్కటే ముద్రించి మిగిలినవన్నీ రోగి ఊహకు వదిలేయడం మా వృత్తిలో నాకు నచ్చని అలవాటు.

ఎకోగది:

జీవరసాయనం గారు పెరిగే కారణాలు చెప్పారు. నాకు ఎక్కువ భయం తగ్గే కారణాలతోనే. స్థూలకాయుల్లో ఈ పెప్టైడ్ విలువలు తక్కువగా ఉంటాయి. మన మధుమేహ రోగుల్లో పొట్ట పెరిగినవారు ఎంతమందో చెప్పనక్కర్లేదు. 2012లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, లక్షణాలుండి, క్యాథెటర్ ద్వారా గుండెలో పీడనం పెరిగినట్టు తేలిన, ఎజెక్షన్ ఫ్రాక్షన్ మామూలుగా ఉన్న రోగుల్లో 29 శాతానికి బీఎన్‌పీ 100 దాటనేలేదు. మెట్లెక్కితే ఆయాసపడే లావుపాటి మనిషికి “రక్త పరీక్ష బాగుంది, గుండె బాగుంది” అని చెప్పి పంపితే, ఏటేటా వచ్చే ఆ ధీమా వల్లే జబ్బు ముదిరిపోవచ్చు. బహుశా అందుకే ఈ రకం గుండె వైఫల్యాన్ని గుర్తించడానికి 2018లో వచ్చిన ‘హెచ్2ఎఫ్‌పెఫ్’ స్కోరులో అసలు నేట్రియురెటిక్ పెప్టైడ్‌నే చేర్చలేదు. బరువు, బీపీ మందుల సంఖ్య, ఏట్రియల్ ఫిబ్రిలేషన్, వయసు, రెండు ఎకో కొలతలు చాలన్నారు. 2019 నాటి యూరోపియన్ స్కోరులో మాత్రం దానికి చోటుంది, సైనస్ రిథమ్‌లో (గుండె లయ మామూలుగా ఉన్నప్పుడు) ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ 220 దాటితే రెండు మార్కులు, 125 నుంచి 220 వరకు ఒకటి. నిపుణుల మధ్యే ఏకాభిప్రాయం లేదు.

పల్లెవైద్యం:

నాడీపట్టు గారి మందు వాదన ఆకర్షణీయంగానే ఉంది. కానీ ఆ మందులు అందరికీ సరిపడవు. జననాంగాల్లో ఫంగస్ ఇన్ఫెక్షన్లు, కొందరిలో కీటోయాసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పేరుకోవడం) వస్తాయి. ఎండాకాలంలో పొలం పనికి వెళ్లి డస్సిపోయే మనిషికి ఇచ్చేముందు నేను రెండుసార్లు ఆలోచిస్తాను. అలాంటి సందిగ్ధంలో ఉన్నవారిలో ముందు ఎవరికి ఇవ్వాలో, ఎవరిని తరచుగా పిలవాలో తేల్చుకోవడానికి ఈ అంకె నాకు పనికొస్తుంది. కాబట్టి “అందరికీ ఏటా” అన్న నా ప్రతిపాదనను కుదిస్తున్నాను. యాభై అయిదు దాటి, పదేళ్లకు పైగా షుగరు ఉండి, దానితోపాటు బీపీ గానీ మూత్రంలో ఆల్బుమిన్ గానీ ఉన్నవారికి మాత్రమే చేద్దాం. స్థూలకాయులకు తక్కువ హద్దు పెట్టుకుందాం. దీనికైనా ఒప్పుకుంటారా?

నాడీపట్టు:

విలువ ఎక్కువ వచ్చిన రోగికి మూడు నెలల్లోపు ఎకో దొరుకుతుందని మీ ప్రాంతంలో ఎవరైనా హామీ ఇస్తే ఒప్పుకుంటాను. ఆ హామీ లేని చోట అదే డబ్బును బీపీ కొలిచి, మందు క్రమం తప్పకుండా అందించడానికి వాడమంటాను.

జీవరసాయనం:

మీరిద్దరూ ఏ నిర్ణయానికి వచ్చినా, నమూనా పంపే కాగితం మీద వయసు, బరువు, క్రియాటినిన్, గుండె లయ తప్పకుండా రాయండి. రెండోసారి చేయించేటప్పుడు అదే ప్రయోగశాలకు, అదే పరీక్షకే పంపండి, ఎందుకంటే బీఎన్‌పీ అంకెను ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అంకెతో పోల్చలేము. సాకుబిట్రిల్ (గుండె వైఫల్యానికి ఇచ్చే మందు) వాడుతున్నవారికి బీఎన్‌పీ చేయించవద్దు. ఆ మందు బీఎన్‌పీని విచ్ఛిన్నం చేసే నెప్రిలైసిన్ అనే ఎంజైమునే అడ్డుకుంటుంది కనుక, రోగి మెరుగవుతున్నా ఆ అంకె పెరిగినట్టు కనిపించవచ్చు. వారికి ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ చూడాలి. ఇక 140 కాస్తా 165 అయిందని ఎవరికీ మందు మార్చకండి, ఆ మాత్రం హెచ్చుతగ్గులు ఆరోగ్యంగా నిలకడగా ఉన్న మనిషిలోనూ వస్తాయి.